పెద్దల పేజీ

గుండ్లవాగుపాలెం, అద్దంకి దగ్గర
24-1-1999, ఆదివారం

తమ్ముడు ప్రేమదాసుకు,

అక్క జయకుమారి ఆశీర్వాదాలు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు అన్నవి చివర్లో అడుగుతాను. ముందు ఈ సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు. మన కొండమ్మను మందిరం సంఘ పెద్దల ఎన్నికకు నిలబెట్టాం!

కొండమ్మ గుర్తుందిగా? మిరప కోతలకు ఆడవాళ్ళ ముఠాను తీసుకెళ్ళేది ఆమే. నీ పెళ్ళిలో వంటవాళ్ళను అదిలించి పప్పు రెండోసారి పెట్టించింది. ఆమె ఇంట్లోనే పిడికెడు బియ్యం కుండ ఉంది. నువ్వు పట్నంలో పడి మరిచిపోయావేమో, ఇక్కడ ఇప్పటికీ ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. శనివారం అవన్నీ ఆ కుండలో చేరతాయి. ఎవరి పొయ్యి వెలగలేదో కొండమ్మకు తెలుసు. వాళ్ళు నోరు తెరవకముందే చాటలో బియ్యం వెళతాయి. ఇరవై ఏళ్ళుగా ఈ పల్లెలో ఎవరూ పస్తు పడుకోలేదంటే అది ఆమె చలవే.

ఈస్టరు తర్వాతి ఆదివారం అయిదుగురు పెద్దల ఎన్నిక. పేరు రాసిన కాగితం పట్టుకుని నేనే జక్రయ్య బాబాయి కల్లానికి వెళ్ళాను. పెద్దల్లోకెల్లా పెద్ద ఆయనే గదా. చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏంది టీచరమ్మా, పెద్దలంటే మగోళ్ళు గదా! ఆడోళ్ళు పెద్దలేంది?" అన్నాడు.

కొండమ్మ అక్కడే కూర్చుని రాశిలోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. తల ఎత్తకుండానే ఆయనతో అంది: "పన్నెండో ఏట పెద్దమడిసివయ్యావని నన్ను మూల కూసోబెట్టారు బావా. అది జరిగి నలభై అయిదేళ్ళయింది. ఇంకా పెద్దను గాలేదా?"

కల్లంలో ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. బాబాయి మొహం మిరపపండు అయింది. "రూలు యాడుందో చూపించు" అన్నాడు. పాత నియమావళిలో "సంఘ పెద్దలు అయిదుగురు" అని తప్ప ఇంకో ముక్క లేదు. సంఘాలన్నిటికీ కొత్తది గుంటూరు ఆఫీసులో నీ చేతి మీదుగానే తయారవుతోంది గదరా! పెద్దలంటే ఆడవాళ్ళు కూడా అని ఆఫీసు ముద్ర వేసి ఒక్క చీటీ పంపు. చాలు.

మరదలినీ, నా మేనకోడలు జాస్మిన్‌నూ అడిగానని చెప్పు. చూశావా, చివర్లో అడుగుతానన్నాను, అడిగాను.

అక్క

*

గుంటూరు
3-2-1999

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం ఆఫీసులో విప్పి తప్పు చేశాను. నేను నవ్వుతుంటే పక్క బల్ల ఆయన కూడా చదవబోయాడు. అక్కా, నేను నీ తమ్ముణ్ణి. చిన్నప్పుడు నీకు జామకాయ కావాలంటే నన్ను చెట్టెక్కించేదానివి. ఇప్పుడు కొండమ్మను ఎక్కిస్తున్నావు. నీకు పెద్దరికం మీద మనసుంటే నేరుగా చెప్పు, దాపరికం దేనికి? అయితే గవర్నమెంటు టీచరువి, సంఘం గొడవల్లో తల దూర్చడం మంచిది కాదు.

చీటీ సంగతి. నువ్వు ఆలస్యం చేశావు. కొత్త నియమావళి మొదట్లో మాటల అర్థాలకు ఒక అధ్యాయం ఉండాలని కమిటీవారు పట్టుబట్టారు. కార్యదర్శిని నేనే కాబట్టి రాసే పని నాకే పడింది. "పెద్దలు అనగా సంఘమందలి పురుష సభ్యులలోనుండి ఎన్నుకొనబడినవారు" అని జనవరి మొదటి వారంలోనే రాశాను. ఎవరి మీదా కక్షతో కాదు. ఆధారం నాన్నగారి రిజిస్టరు. 1912 నుంచి ఉన్న మన సంఘం పాత పుస్తకాన్ని ఆయన 1962లో తిరగరాశారు గదా, అది నా బీరువాలోనే ఉంది. యాభై ఏళ్ళ పెద్దల పేజీల్లో ఒక్క ఆడపేరు లేదు. నాన్నగారి చేతిరాత చూడగానే కమిటీ చైర్మన్ గారు లేచి నిలబడి మరీ మెచ్చుకున్నారు. మాటకు అర్థం మనం పుట్టించేది కాదక్కా, ముందునుంచీ ఉన్నదాన్ని రాసుకునేది.

ఇంట్లో కూడా నాకు ఇదే పాఠం. జాస్మిన్ యూనివర్సిటీలో ఏదో సెమినారు పేపరు రాస్తోంది. నిన్న భోజనాల దగ్గర "సెక్స్ అంటే పుట్టుకతో వచ్చింది నాన్నా, జెండర్ అంటే ఊరు నేర్పింది" అని మొదలుపెట్టింది. మొదటి మాటకే నీ మరదలు గరిటె కింద పడేసింది. రెండో మాట ఎవరూ వినలేదు. ఆ పేపరు పని మీద కొన్నాళ్ళు నీ దగ్గరికి వస్తానంటోంది. పంపుతున్నాను, కాస్త ఇంటిపని నేర్పు.

ప్రేమదాసు

*

గుండ్లవాగుపాలెం
14-2-1999

ఒరేయ్ ప్రేమదాసూ,

నాకు పెద్దరికమా? పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకోలేక చస్తుంటే! నా పేరు రాయమని ఎవరూ అడగలేదు, అడిగినా ఒప్పుకోను. కొండమ్మ పని కొండమ్మదే. నువ్వు జామచెట్టు దగ్గరే ఆగిపోయావు.

ఇక నీ అర్థాల అధ్యాయం. కానుక సంచి తిరిగేటప్పుడు "సభ్యులందరూ" అంటారు, అందులో మేము ఉంటాం. వాక్యం చదివేటప్పుడు "సహోదరులారా" అంటారు, మేమూ ఉన్నామనుకునే గదా బుద్ధిగా వింటాం. గోడకు సున్నం వేయాలంటే "సంఘమంతా రావాలి" అంటారు, వచ్చేది మేమే. పెద్దలు అనేసరికి మమ్మల్ని బయటికి నెట్టి తలుపేశారు. ఆ తలుపు ఇంతకుముందు కాగితం మీద లేదురా. జనవరిలో నువ్వే బిగించావు. కక్ష లేదన్నావు. లేకపోతే మరీ బాధ. కక్షతో చేసినదైతే పోట్లాడి మాన్పించేదాన్ని.

జాస్మిన్ వచ్చింది. అబ్బ, ఏం పిల్లరా! వచ్చిన మర్నాడే కోతకు వెళ్ళి సాయంత్రానికి చేతులు మండి ఏడ్చింది. కొండమ్మ మజ్జిగ రాసి పక్కన పడుకోబెట్టుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఈ పిల్ల లేచి జెండర్ అంటే ఏమిటో చెప్పింది. వంట చేయడం ఆడపుట్టుకతో రాలేదు, పెత్తనం మగపుట్టుకతో రాలేదు, ఊరు నేర్పితే వచ్చాయి అంది. ముసలమ్మలు కూడా తలలూపారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మొన్న ఒంగోలు ట్రైనింగులో మూడు రోజులు ఇదే మాట చెబితే మా హెడ్మాస్టరు నోటుబుక్కులో "జెండర్ – ఆడవాళ్ళ గొడవ" అని రాసుకుని టీ తాగడానికి వెళ్ళాడు.

కానీ జక్రయ్య బాబాయి మహా గట్టివాడు. ఆ మాట అప్పటికప్పుడే అందుకున్నాడు. "చూశారా! పట్నం పాప చెప్పిందిగా, ఈ తేడాలన్నీ ఊరు పెట్టుకున్నయ్యే. దేవుడి ముందు మనకు జెండర్ లేదు! అందరం ఆయన బిడ్డలమే. మరింక ఆడోళ్ళకొక సీటు, మగోళ్ళకొక సీటు అని కొట్లాట ఎందుకు?" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. జాస్మిన్ కత్తితో జాస్మిన్‌నే కోశాడు.

ఒకటి అడుగుతాను. నాన్న రాసింది నకలు గదా. అసలు పుస్తకం ఎక్కడుంది? నీ దగ్గరున్న దాంట్లో ఆడపేర్లు ఎక్కడైనా, ఏ మూలైనా ఉన్నాయా? కళ్ళజోడు తుడుచుకుని చూడు.

కోపంగానే ఉన్న అక్క

*

గుంటూరు
22-2-1999

అక్కకు,

నాన్నగారి చేతిరాత మీద కూడా నీకు అనుమానం వచ్చిందంటే నేను చెప్పేదేముంది? నలభై ఏళ్ళు సంఘానికి లెక్కకు మించి సేవ చేసిన మనిషి. అసలు పుస్తకం ఎప్పుడో చెదలు తినేసి ఉంటుంది. మందిరం బీరువాలో లేదని నాకు తెలుసు.

అయినా నువ్వడిగావని మళ్ళీ ప్రతి పేజీ తిప్పాను. ఆడపేర్లు లేకపోలేదు. 1919లో మార్తమ్మ, శాంతమ్మ, చిన్న దీనమ్మ. ఆ తర్వాత ఏళ్ళలో కూడా ఇద్దరో ముగ్గురో ఉన్నారు. కానీ ఆ పేర్లన్నీ స్త్రీల సమాజం పేజీలో ఉన్నాయి, పెద్దల పేజీలో కాదు. ఇక తృప్తిగా ఉండు.

ఇంకొకటి. మీ ఊరినుంచి కమిటీకి అర్జీ వచ్చింది. "మా సంఘంలో జెండర్ లేదు, కావున ఎన్నికలో మార్పు అవసరం లేదు" అని. నలభై వేలిముద్రలున్నాయి. పదకొండోది ఎవరిదో తెలుసా? కొండమ్మది! నువ్వు ఎవరికోసం గొంతు చించుకుంటున్నావో ఆమే వద్దంటోంది. ఇదంతా నీ పట్టుదల తప్ప ఆమెకు ఇష్టం లేదని నాకు మొదటినుంచీ అనుమానమే.

జాస్మిన్‌ను త్వరగా పంపు. వాళ్ళమ్మ బెంగ పెట్టుకుంది.

ప్రేమదాసు

*

గుండ్లవాగుపాలెం
7-3-1999

తమ్ముడూ,

దొరికింది! అసలు పుస్తకం దొరికింది!

వరసగా చెబుతాను. నీ ఉత్తరం పట్టుకుని కొండమ్మ ఇంటికి కోపంగా వెళ్ళాను. "ఎందుకే వేలిముద్ర వేశావు?" అన్నాను. ఆమె అమాయకంగా నావంక చూసింది. "జెండర్ లేదని చదివి చెప్పారు టీచరమ్మా. మన జాస్మిన్ పాప చెప్పిన తేడాలు మా దగ్గర లేవని గదా దానర్థం? లేవంటే నేనూ పెద్దనవచ్చు గదా. అందుకే పిలిచి మరీ నేనూ ఏశా!" అంది. ఒక్క కాగితం, ఒక్క వాక్యం. జక్రయ్య బాబాయి రాసింది ఆమెను ఆపడానికి, ఆమె వేలు పెట్టింది లోపలికి రావడానికి. ఏడవాలో నవ్వాలో తెలియక నేను నవ్వాను.

తర్వాత రిజిస్టరు మాట వచ్చింది. "పాత పొత్తమా? కుండతో పాటు ఇచ్చింది అదేనేమో" అని అటక మీదినుంచి ఎర్రగుడ్డ మూట దించింది. బియ్యం కుండ ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారినప్పుడల్లా ఆ మూట కూడా మారుతుందట. తిరగరాశాక నాన్నే దాన్ని కుండ ఉన్న ఇంటికి పంపి ఉంటాడు. "లోపలేముందో నాకేం తెలుసు, దాచమన్నారు, దాచా. ఏటా ఈస్టరుకు ఎండలో పెట్టి కొత్త వేపాకు ఏసి కడతా" అంది. చదువురాని మనిషి ఇరవై ఏళ్ళు ఒక్క అక్షరం పోకుండా కాపాడింది. నీ చెదలకు అందలేదు!

జాస్మిన్, నేనూ అరుగు మీద కూర్చుని తెరిచాం. 1919, జ్వరాలు వచ్చి మగవాళ్ళు చాలామంది పోయిన మరుసటి ఏడాది. "సంఘ పెద్దలు" అని రాసి అయిదు పేర్లు. అందులో మూడు: మార్తమ్మ, శాంతమ్మ, చిన్న దీనమ్మ. కింద ఒక వాక్యం: "పిడికెడు బియ్యపు కుండ చూచి ఆకలిగొన్నవారికి పంచువారు వీరే." పెద్దలంటే వాళ్ళకు తెలిసిన అర్థం అదిరా! బియ్యం పంచేవాళ్ళు. 1933 దాకా ప్రతి ఏడూ పెద్దల పేజీలో ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు ఉన్నారు.

నువ్వేమో వాళ్ళు స్త్రీల సమాజం పేజీలో ఉన్నారని రాశావు. స్త్రీల సమాజం గది గుమ్మం మీద సమాజం పెట్టిన ఏడు చెక్కిన రాయి ఉంది, పొద్దున లేస్తే చూస్తాను. 1934. లేని సమాజంలో 1919లో ఎలా ఉంటారు? తిరగరాసేటప్పుడు ఎవరో వాళ్ళను అక్కడినుంచి లేపి ఇక్కడ కూర్చోబెట్టారు.

తిరగరాసింది నాన్న. నాకు అదే మింగుడు పడటం లేదు. నన్ను చదివించింది ఆయన. ఆడపిల్లకు హాస్టలు దేనికన్న వాళ్ళ నోళ్ళు మూయించింది ఆయన. ఆ చేత్తోనే ఇలా చేశాడా? మూడు రోజులుగా ఆయన ఫోటో వంక చూడలేకపోతున్నాను.

జయ

*

గుంటూరు
15-3-1999

అక్కా,

నాన్న ఫోటో వంక చూడు. ఆయన తప్పు లేదు. చేసింది నేను.

1962 ఎండాకాలం. నువ్వు బాపట్ల హాస్టల్లో ఉన్నావు. నాన్నకు కంట్లో శుక్లాలు వచ్చాయి, పాత పుస్తకంలో అలికినట్టున్న అక్షరాలు కనపడేవి కావు. పుస్తకం నా ఒళ్ళో పెట్టేవాడు. నేను చదివేవాణ్ణి, ఆయన రాసేవాడు. నాకు పదేళ్ళు. చక్కగా చదువుతున్నానని రోజూ గోళీసోడా కొనిపెట్టేవాడు.

"సంఘ పెద్దలు" అని చదివాను. కింద మార్తమ్మ అని ఉంది. నాకు నవ్వొచ్చింది. ఎవరో పొరపాటున పేజీ తప్పి రాశారనుకున్నాను. పెద్దలంటే మగవాళ్ళని నాకు ఎవరూ చెప్పలేదక్కా. భుజాన కండువా వేసుకుని ముందు బెంచీలో కూర్చున్న అయిదుగురినే నేను పుట్టినప్పటినుంచీ చూశాను. చూసిందే అర్థమనుకున్నాను. ఆ ఆడపేర్లన్నీ ఒక చీటీ మీద ఏళ్ళతో సహా రాసుకుని, స్త్రీల సమాజం పేజీ వచ్చినప్పుడు అక్కడ చదివాను. పాతవాళ్ళ తప్పు దిద్దానని ఎంత గర్వపడ్డానో! నాన్న ఒక్కసారి ఆగి "ఒరేయ్, ఉన్నది ఉన్నట్టు చదువుతున్నావా?" అన్నాడు. "ఆఁ నాన్నా" అన్నాను.

ఇన్నేళ్ళూ ఇది నాకు గుర్తు లేదు. నీ ఉత్తరంలో మార్తమ్మ పేరు కింద ఆ వాక్యం చదవగానే సోడా రుచితో సహా గుర్తొచ్చింది. పదేళ్ళవాడు తప్పు చదివాడు, ముప్ఫై ఏడేళ్ళ తర్వాత వాడే ఆ తప్పును బీరువాలోంచి తీసి, ముందునుంచీ ఉన్న అర్థం ఇదేనని కమిటీకి సాక్ష్యం చూపించాడు. చైర్మన్ గారు లేచి నిలబడింది నా అబద్ధానికి.

27న కమిటీ కూర్చుంటుంది. అక్కడ చెబుతాను. ఎలా చెప్పాలో తెలియదు, కానీ చెబుతాను. అసలు పుస్తకం జాస్మిన్ చేతికిచ్చి పంపు. నువ్వు ఈ ఉత్తరం ఎవరికి చూపించినా సరే.

తమ్ముడు

*

గుండ్లవాగుపాలెం
21-3-1999

పిచ్చి తమ్ముడూ,

ఉత్తరం చదివి ముందు నాన్న ఫోటో తుడిచాను. తర్వాత నిన్ను తిట్టుకున్నాను. తర్వాత సోడా దగ్గరికి వచ్చేసరికి నవ్వాగలేదు. లంచం తీసుకుని మరీ మార్తమ్మను మార్చావన్నమాట!

పుస్తకం పంపుతున్నాను. కొండమ్మ పొలిమేర దాటనివ్వనంది. జాస్మిన్ తన తల మీద చెయ్యి పెట్టించుకుని మాటిచ్చాక మూట కట్టి ఇచ్చింది, కొత్త వేపాకు వేసి.

ఇంకో విశేషం విను. పంపేముందు జక్రయ్య బాబాయికి ఆ పేజీ చదివి వినిపించాను. మార్తమ్మ ఎవరనుకున్నావు? ఆయన సొంత నాయనమ్మ! ఆ పేరు మీద వేలు పెట్టి మళ్ళీ చదివించుకున్నాడు. తర్వాత వీధిలోకి వచ్చి "మా నాయనమ్మ పెద్దంట! 1919లోనే!" అని కేకలేశాడు. నేను సంతోషపడి "మరి కొండమ్మ?" అన్నాను. "అప్పుడంటే జొరాలు. ఇప్పుడేం జొరాలొచ్చినయ్యి?" అన్నాడు. అంత తేలిగ్గా లొంగితే ఆయన జక్రయ్య ఎలా అవుతాడు?

27న నేను ఉపవాసం ఉంటాను. భయపడకు.

అక్క

*

గుంటూరు
30-3-1999

అక్కా!

చెప్పాను. నిలబడి చెప్పాను. రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి, "ఇది అసలు, ఇది నకలు, మధ్యలో ఉన్నది నేను" అన్నాను. చైర్మన్ గారు చాలాసేపు వేపాకులు పక్కకు జరుపుతూ కూర్చున్నారు. ఒకాయన "పాతకాలపు అర్థం మనకెందుకు, ఇప్పుడు వాడుకలో ఉన్న అర్థమే అర్థం" అన్నాడు. ఆ మాట మొన్నటిదాకా నాదే కాబట్టి జవాబు నాకు తెలుసు. "ఆ వాడుక ఎలా పుట్టిందో చెప్పడానికే నిలబడ్డానండీ. నాలాంటి వాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కొక్క పేరు జరిపితే పుట్టింది. వాళ్ళు జరిపినవి నాకు తెలియవు, నేను జరిపినవి తెలుసు" అన్నాను.

పెద్దలంటే బియ్యం పంచేవారని కొత్తగా రాద్దామన్నాను, ఒప్పుకోలేదు. రెండు గంటలు వాదించి చివరికి "పురుష" అన్న ఒక్క మాట కొట్టేశారు. నలుగురు అటు, అయిదుగురు ఇటు. ఇకనుంచి "సభ్యులలోనుండి ఎన్నుకొనబడినవారు" అంతే. కొట్టేసిన కాగితం నకలు ముద్రతో సహా ఇందులో పెట్టాను. నువ్వు మొదట అడిగిన చీటీ ఇదే, రెండు నెలలు ఆలస్యంగా.

కార్యదర్శి పని నాకు తీసేశారు. తప్పుడు ఆధారం చూపించినవాడి చేత నియమాలు ఎలా రాయిస్తాం అన్నారు. న్యాయమే. బాధ పడతాననుకున్నాను గానీ, ఇంటికి నడిచి వస్తూ దారిలో ఆగి గోళీసోడా తాగాను. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత మళ్ళీ అంత దాహం వేసింది.

ఎన్నిక సంగతి వెంటనే రాయి. నిద్ర పట్టదు నాకు.

ప్రేమదాసు

*

గుండ్లవాగుపాలెం
11-4-1999, ఆదివారం సాయంత్రం

నా తమ్ముడు ప్రేమదాసుకు,

గెలిచిందిరా! అయిదుగురిలో అయిదోది, మూడు చేతులు ఎక్కువ వచ్చి!

చేతులెత్తే పద్ధతి. కొండమ్మ పేరు పిలవగానే ఆడవాళ్ళ చేతులు లేచాయి, మగవాళ్ళవి కొన్ని. లెక్క చూస్తున్నవాళ్ళు సరిపోలేదన్నారు. అప్పుడు జక్రయ్య బాబాయి లేచి, నామీద అరవబోతున్నాడనుకున్నాను, "నేనెత్తేది మా నాయనమ్మ కోసం, ఈ టీచరమ్మ కోసం గాదు!" అని చెయ్యెత్తాడు. ఆయన వెనక ఇంకో ఆరు లేచాయి. ఆ అరుపులూ, ఆ చప్పట్లూ నువ్వు వినాల్సింది. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి రెండుసార్లు ఆపాల్సి వచ్చింది.

ముందు బెంచీలో కూర్చోమంటే కొండమ్మ కూర్చోలేదు. "శనివారం బియ్యం ఇంకా పంచలా, ఈ ఎన్నిక హడావుడిలో ఉండిపోయినయ్యి. మూడిళ్ళున్నయ్యి" అని చాట తీసుకుని వెళ్ళిపోయింది. పెద్దగా ఆమె చేసిన మొదటి పని అదీ. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదీ అదే.

ఆమె తిరిగి వచ్చాక కొత్త రిజిస్టరు తెరిచి పేర్లు రాద్దామని కూర్చున్నాం. కలం నా చేతికి ఇచ్చారు. కొండమ్మ వద్దంది. "మార్తమ్మను జరిపిన అబ్బాయి రావాల. వాడే రాయాల, ముందు ఆళ్ళవి, తర్వాత నాది" అంది. కోపంతో అనలేదురా. మొదటినుంచీ నీకు ఆమె మీద ఉన్నంత అనుమానం ఆమెకు నీమీద లేదు.

కాబట్టి వచ్చే ఆదివారం పొద్దున బస్సెక్కి వచ్చెయ్. నాన్న రిజిస్టరూ, అసలు పుస్తకమూ రెండూ తీసుకురా. పెద్దల పేజీ ఖాళీగా ఉంచాం. ఎండగా ఉంటుంది, సోడా నేను కొనిపెడతాను. ఈసారి నేను చదువుతాను, నువ్వు రాయి.

అక్క జయకుమారి